తాళం వేసిన ఇంటి ఫొటోలు

దెయ్యాలు, గాలులు అనే మాట వింటేనే నాకు ఒళ్ళుమంట. మా అత్త అమావాస్యకు గుమ్మడికాయ కొడుతుంటే, దాంతో పులుసు పెడితే పోలా అని తిట్లు తిన్నదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మాది రాజపాళయం. జగన్నాథన్ అన్న అనే ఇళ్ళ బ్రోకరు దగ్గర పనిచేస్తాను. అమ్మకానికొచ్చిన ఇళ్ళకు వెళ్ళి ఫొటోలు తీసి, ఎన్ని గదులు, వాకిలి ఏ దిక్కు, బోరు నీళ్ళు ఉన్నాయా లేదా, అన్నీ ఆయన వెబ్‌సైట్‌లో ఎక్కించడం నా పని. ఆయన చుట్టమేమీ కాదు. అయినా సొంత అన్నలాగే కసురుతాడు.

మా ఊళ్ళో పాత ఇల్లు అమ్మడం అంత సులువు కాదు. సంగతి పొక్కిందంటే పంగాళీలు, అంటే దాయాదులు, దిగిపోతారు. మాకు చెప్పకుండా బయటివాళ్ళకు అమ్ముతారా అని వాకిట్లో కూర్చుంటారు, బేరం చెడిపోతుంది. అందుకే అన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నన్ను లోపలికి పంపి బయట తాళం వేస్తాడు. చూసేవాళ్ళకు ఇల్లు ఎప్పటిలాగే మూసినట్టు ఉంటుంది. పని అయ్యాక ఫోన్ చేస్తే వచ్చి తీస్తాడు. చాలా ఇళ్ళు అలాగే చేశాం. ఎప్పుడూ భయం వెయ్యలేదు.

ఇది జరిగిన రోజు వెళ్ళిన ఇల్లు సేత్తూరు వెళ్ళే దారిలో ఉంది. ఓనరు చెన్నైలో ఉంటాడు, కరెంటు ఎప్పుడో పీకేశారు. చుట్టూ బ్యాండేజీ గుడ్డ నేసే పవర్లూమ్ షెడ్లు.

"అన్నా, పాపకు పన్నెండుకు ఇస్కూలు విడుస్తారు. మరిచిపోవద్దు" అన్నాను.

"మరిచేదానికి నేనేమన్నా ముసలోణ్ణా? తళవాయిపురం పోయి వచ్చేస్తా. సెరి, నువ్వు పో లోపలికి" అని తాళం వేశాడు.

నా కూతురు అభినయ ఎల్‌కేజీ. మా ఆయనకు తిరుప్పూరులో ఉద్యోగం, అత్త తన పల్లెలో ఉంటుంది. పాపను తెచ్చుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. బడి గేటు దాటితే మెయిన్ రోడ్డు. అంతకుముందు ఒకసారి నేను కాస్త ఆలస్యం చేస్తే, నన్ను వెతుక్కుంటూ రోడ్డు మీదికి పరిగెత్తింది. అప్పుడు మిల్లు బస్సు వేసిన బ్రేకు చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

గదులన్నీ ఫొటోలు తీసి అక్కడే కూర్చుని ఎక్కించాను. చివరికి ఒక్కటే మిగిలింది. ఇల్లు ఖాళీయా, ఎవరైనా ఉంటున్నారా అనే చోట టిక్కు పెట్టాలి. అంతలో ఫోన్ చచ్చిపోయింది. పాత ఫోన్, ఫొటోలకే ఛార్జి మొత్తం తాగేసింది.

వచ్చేస్తాడులే అనుకున్నాను. రాలేదు. కాసేపటికి మిల్లు సైరన్ మోగింది. మా ఊళ్ళో ఆ సైరన్ అంటే పన్నెండు.

తలుపు గుద్దాను. పెరటి తలుపుకు బయటినుంచి పలకలు కొట్టేసి ఉన్నాయి. మేడ మెట్ల తలుపు తాళంచెవి అన్న గుత్తిలోనే ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని గొంతు చించుకున్నాను. లూముల మోతలో నా కేక నాకే వినిపించలేదు. పాప గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఇప్పుడు రోడ్డు చూస్తూ ఉంటుంది, ఇప్పుడు కాలు బయట పెట్టి ఉంటుంది. ఇదే కళ్ళ ముందు. ఊచలకు తల కొట్టుకుని ఏడ్చాను. దేవుణ్ణి కూడా తలుచుకోలేదు. ఎవరైనా సరే నా బిడ్డ దగ్గరికి పొండి, ఎవరైనా సరే అని అరిచాను.

నిద్రపోయి ఉంటావు అంటారు. లేదు. ఊచల తుప్పు మర్నాటికి కూడా నా అరచేతుల్లో ఉంది.

ఎండ గోడ దిగాక తాళం చప్పుడైంది. తలుపు తీసిన అన్న నన్ను చూసి గడప మీదే కూలబడిపోయాడు.

"నువ్వు ఎప్పుడో పోయినావు కదా విజీ! నేనే వచ్చి తలుపు తీసినాను. ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇస్కూలు పక్కకు విరవిరా పోయినావు. మళ్ళీ తాళం పూట్టి పోయినాను. కొలత టేపు మరిచిపోయినానని ఇప్పుడు వస్తి. ఎట్ల లోపలికి వచ్చినావు?"

ఆయన మాట సగంలోనే పరిగెత్తాను. బడి దగ్గర ఆయమ్మ గేటు కడుగుతోంది.

"ఏంది మళ్ళీ వచ్చినారు? సైరన్ కొట్టంగానే మీరే కదా పాపను పిల్చుకోని పోయినారు!"

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. అభినయ మెట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది. ఒంటి మీద గీత లేదు. పొద్దున హడావుడిలో ఒక రబ్బరు బ్యాండు పెట్టి పంపాను. ఇప్పుడు నున్నగా దువ్వి, బిగించి అల్లిన రెండు జడలు. ఎవరు వేశారే అంటే, "నువ్వే కదమ్మా" అంది. దాన్ని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో.

ఆ ఇల్లు ఇంకా వెబ్‌సైట్‌లోకి రాలేదు. ఆ టిక్కు పెడితే తప్ప రాదు. ఖాళీ అని పెట్టడానికి నాకు చెయ్యి ఆడలేదు. నువ్వు ఉద్యోగానికి పనికిరావని కసిరిన అన్న, తనే పెడతానని కూర్చుని, తెర వంక కాసేపు చూసి లేచిపోయాడు. ఇప్పుడు ఏ ఇంటికీ బయట తాళం వెయ్యడు.

ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. నా బిడ్డను కాపాడింది, చేతులెత్తి మొక్కాలి. కానీ మొన్న జడ వేస్తుంటే అభినయ తల విదిలించుకుంది.

"ఇట్ల కాదు. ఆ దినం వచ్చిన అమ్మ వేసినట్ల వెయ్యి. ఆ అమ్మ మళ్ళీ ఎప్పుడు వస్తాది?"

ఇప్పుడు రోజూ సైరన్‌కు చాలా ముందే వెళ్ళి గేటు పట్టుకుని నిలబడుతున్నాను. నాకంటే ముందు ఆమె వచ్చేస్తుందేమోనని భయం.