గేటు దగ్గర ‘మనోళ్లే’ అన్న సాయంత్రం

హెలికాప్టర్ దిగీసరికి బూటు బురదలో కూరుకుపోయింది. లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. దక్షిణ సూడాన్‌లో నా మొదటి అడుగు అదీ. నల్ల రేగడి. కనుచూపు మేర చిత్తడి, గడ్డి. మధ్యలో మా ఐక్యరాజ్యసమితి శాంతి దళం పోస్టు. చుట్టూ ఇసక మూటల గోడ, ముళ్లకంచె, ఒకటే గేటు. నీలం హెల్మెట్, బులెట్ ప్రూఫ్ జాకెట్, రైఫిల్ ఇచ్చారు. గేటు టవర్ డ్యూటీ నాది.

ఇది రాస్తన్నోడు మామూలోడు కాదండోయ్. మొన్ననే బి.ఏ. పాసైనోడు! ఆర్మీ నుంచి వచ్చేశాక దూరవిద్యలో కట్టాను. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. ఫోన్లో రిజల్టు సూసి అమ్మ "మళ్లీ సదువు, మళ్లీ సదువు" అని ఎన్నిసార్లు సదివించిందో. ఆదివారం చర్చిలో మా సంఘం ముందు, దేవుడు సేసిన మేలు గురించి సాక్ష్యం సెప్పమన్నారు. నోటితో సెప్తే ఏడుపొచ్చేస్తాది. అందుకే రాసేస్తన్నాను.

మాది పొందూరు పక్క పల్లె. అమ్మ తెల్లారకముందే లేచి ప్రార్థన సేస్తాది. సివర్న ఎప్పుడూ ఒకటే మాట. "ఇల్లు ఇడిసిపెట్టి దారిన పడ్డోల్లని కాయి తండ్రీ." నేను ఆమేన్ అనీవోన్ని. ఆ దారిన పడ్డోళ్లెవరో తెలీదు. అక్కడ తెలిసింది. టవర్ మీంచి రోజూ కనబడేవోళ్లు. తల మీద చాప, సంకలో బిడ్డ, సేతిలో గిన్నె. డ్యూటీ ఎక్కేముందు నేను కూడా అమ్మ మాటే అనడం మొదలెట్టాను.

బంకర్లో రేడియో ఆపరేటర్‌ది నరసన్నపేట. మొత్తం దళంలో తెలుగోళ్లం మేమిద్దరమే. బావా అంటే బావా అనుకునీవోళ్లం. రేడియోలో హిందీయే మాట్లాడాలని ఆర్డరు. అయినా మా యాస ఆగదు కదా.

ఇంకో ఆర్డరు కూడా ఉంది. సాయంత్రం ఆరు దాటితే మన గస్తీ బండ్లకే గేటు తియ్యాలి. ఇంకెవరికైనా కెప్టెన్ పర్మిషన్ కావాలి. గేటు స్విచ్ ఆపరేటర్ దగ్గరుంటాది.

ఆ రోజు ఆరుంపావు. జోరు వాన. గస్తీ బండ్లు ఇంకా రాలేదు. ఊరివైపు కాల్పులు మొదలయ్యాయి. గడ్డిలోంచి మనుషులు బయటపడ్డారు. ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు. వందలమంది. వచ్చి గేటుకి ఆనుకుని నిలబడ్డారు. ఒక్కరూ అరవలేదు. కాల్పులు ఇంకా దగ్గిరకొచ్చాయి.

రేడియో గరగరమంది.

"బావా, వానకి ఏటీ అగుపడ్డం లేదు. గేటు కాడ ఎవుల్రా?"

"మనోళ్లే."

గేటు కదిలింది.

కావాలని అన్నావా అని అందరూ అడుగుతారు. దేవుడి ముందు సెప్తన్నాను, కాదు. రోజూ ప్రార్థనలో ఆళ్లని తల్సుకునీ తల్సుకునీ నోటికి అలాగే వచ్చేసింది. ఆపరేటర్ మాత్రం మన బండ్లనుకున్నాడు. మన ఊళ్లల్లో మనోళ్లేనా అని అడిగితే కులం అడిగినట్టే. ఆ మాట మా అమ్మని ఎన్ని గుమ్మాల బయట నిలబెట్టిందో నాకు తెలుసు. అక్కడ అదే మాటకి ఇనప గేటు తెరుసుకుంది!

కెప్టెన్ వానలో పరిగెత్తుకొచ్చాడు. పంజాబీ ఆయన. సేతిలో వాకీటాకీ పట్టుకుని ఆపరేటర్ మీద అరిచాడు.

"గస్తీ బండ్లేవి? గేటెవరు తియ్యమన్నారు?"

ఆపరేటర్ రేడియోలోనే జవాబిచ్చాడు. "టవర్ మీదోడు మనోళ్లే అన్నాడు సార్."

"అంటే?"

"అంటే... అప్‌నే లోగ్, సార్."

కెప్టెన్ తలెత్తి నన్ను సూశాడు. తర్వాత లోపలికి వస్తున్నోళ్లని సూశాడు. ఆయన ఒక్క మాటంటే ఆళ్లందరూ మళ్లీ బయటే.

"సరే. మనవాళ్లే. నువ్వు కిందకి దిగు. ఆయుధాలున్నాయేమో సూసి పంపు. ఆఖరి మనిషి వచ్చేదాకా గేటు మూయొద్దు."

మెట్లు దిగానో దూకానో గుర్తులేదు. అందరూ లోపలికొచ్చారు. అందరూ! ఏడింటికి మన గస్తీ బండ్లు కూడా క్షేమంగా వచ్చేసాయి. వంటాయన పెద్ద గుండిగలో కిచిడీ ఎక్కించాడు. రేకుల షెడ్డు కింద ఎవరో పాట ఎత్తుకున్నారు. నాకర్థమైంది "హల్లెలూయ" ఒక్కటే. అది సాలు. నేను గేటు దగ్గర్నుంచే గొంతు కలిపాను.

ఆపరేటర్ రేడియోలో పట్టుకున్నాడు. "ఒరే బావా, మీ సుట్టాలు ఇంతమందని ముందే సెప్తే మేకల్ని కోసీసీవోల్లం కదరా!"

"సెప్తే నువ్వు గేటు తీసీవోడివా?"

"అదీ నిజమే."

అక్కడ డ్యూటీ టూర్ అయ్యాక విజయనగరం స్టేషన్లో దిగి, బస్సు పట్టుకుని పల్లెకొచ్చాను. ఆ దారిన పడ్డోళ్లు లోపలికి వచ్చేసారమ్మా అని సెప్పాను. అమ్మ సేతులెత్తి "స్తోత్రం!" అంది. వీధి మొత్తం వినబడింది.

ఇప్పటికీ పొద్దున్నే కళ్లు మూసుకుంటే ముందొచ్చేది ఆఖర్న లోపలికొచ్చిన ముసలమ్మ. గేటు మూశాక మూట దించి, లోపలెక్కడో దాసిన గుడ్డ తీసింది. ఆళ్ల దగ్గర పొడిగా ఉన్నది అదొక్కటేనేమో. ఆవిడ జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. నా రెండు సేతుల్లోనూ రైఫిల్ ఉంది. నా హెల్మెట్ కాస్త పైకి నెట్టి, ఆ గుడ్డతో నా మొహం తుడిచింది.