బీచుపల్లి వంతెన మీద ఎర్రమూట

గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు కోర్టు రికార్డు పట్టుకుని బస్సులో వెళ్లాల్సిన వాళ్లెవరైనా ఉంటే ముందు నా సంగతి చదవండి. గద్వాల కోర్టులో నేను గుమాస్తాని. చెన్నమ్మ అనే ముసలామె భూమి కేసు ఒక ఏడాది నాగర్‌కర్నూలుకు మారింది. ఆమె రెండెకరాలకు ఉన్న ఒకే ఆధారం సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద అమ్మినాయన వేసిన వేలిముద్ర. అది పోతే భూమీ పోయినట్టే. అందుకే పోస్టులో వేయకుండా నన్ను పంపారు. రికార్డును ఎర్రగుడ్డలో చుట్టి, ముడి మీద లక్క సీలు వేసి, మా సూపరింటెండెంటు గట్టిగా చెప్పారు, "కింద పెట్టకు. లోపల ఏముందో ఎవరికీ చెప్పకు."

ఉదయం ఎనిమిదింటికి వనపర్తి ఆర్డినరీ ఎక్కాను. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి, పెబ్బేరు మీదుగా రెండు గంటల దారి. వనపర్తిలో బస్సు మారితే నాగర్‌కర్నూలు ఇంకో గంటన్నర. చార్జీలు, టిఫిను కలిపినా అప్పట్లో వంద నోటు దాటేది కాదు. కండక్టరు మూటను పైన పెట్టమన్నాడు. ఎక్కడా పెట్టకూడదని ఒళ్లోనే పట్టుకున్నాను. పక్క సీటులోని పెద్దాయన మూటనే చూస్తూ మెల్లగా అడిగాడు.

"ఎవరిది బిడ్డా?"

ఎర్రగుడ్డ చూసి కోర్టుదని పోల్చుకున్నాడనుకున్నాను. "ఒక ముసలామెది తాతా."

"ఎన్ని దినాలాయె?"

"దినాలేంది, ఐదారేండ్లు దాటింది."

ఆయన నోరు తెరిచాడు. "గిన్నేండ్లు ఇంట్లనే పెట్టుకున్నరా? వారసులు లేరా?"

"ఉన్నరు. వాళ్ల కొట్లాటతోనే గిట్ల ఆగింది."

"ఏం మనుషులో ఏమో," అని లేచి వెళ్లి కండక్టరు చెవిలో ఏదో చెప్పొచ్చాడు. తర్వాత ఎవరూ నావైపు రాలేదు. ఎంత మర్యాదో అని మురిసిపోయాను కూడా.

బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మధ్యలో బస్సు ఆగింది. కండక్టరు నా దగ్గరికొచ్చి, "దిగన్నా. అందరం ఆగుతం, జర జల్ది కలిపి రా," అన్నాడు. ఏం కలపాలో నాకు అర్థమయ్యేలోపే పెద్దాయన నా ఒళ్లోంచి మూట తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "నీతోని గాదులే బిడ్డా, నేనేస్త," అంటూ దిగి రెయిలింగు దగ్గరికి నడిచాడు. కింద కృష్ణ నిండుగా పోతోంది. మూటను అస్థికలనుకుని ఏట్లో కలపబోతున్నారని అప్పుడు తట్టింది. పరుగెత్తి ఆయన నడుం పట్టుకున్నాను.

"బొక్కలు కావు తాతా. కోర్టు కాగితాలు, ఆమె భూమివి."

ఆయన మూట నాకిచ్చి, వచ్చి మళ్లీ సీట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత, "బతికున్న మనిషి భూమిని ఏట్లె ఏస్తుంటి గద," అని నా మొహంలోకి చూశాడు. "ఆమె ఉన్నదా బిడ్డా, ఐదారేండ్లంటివి?"

తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు. ఆమె పేరు ఇన్నేళ్లుగా ఫైలు మీద చూస్తున్నాను గానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. వనపర్తి బస్టాండులో ఇడ్లీ ముందు పెట్టుకుని తినలేకపోయాను.

నాగర్‌కర్నూలు కోర్టులో సీలు చూసుకుని, రసీదు రాసిచ్చి, అక్కడి గుమాస్తా వరండాలోకి కేకేశాడు. "చెన్నమ్మా, నీ కాగితాలొచ్చినయ్."

ఒక ముసలామె గోడ పట్టుకుని లేచింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఎర్రగుడ్డను ముట్టుకుంది.

"నేనుండంగనే వచ్చినయ్ సారూ," అంది.

పొద్దున బస్సులో అందరూ మూటను చూసి మనిషి పోయిందనుకుని బాధపడ్డారు. మనిషి ఉందో లేదో కూడా ఆలోచించకుండా మూటను మాత్రం జాగ్రత్తగా తెచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఈ దారిన రికార్డు తీసుకెళ్లేవాళ్లకు ఒకటే సలహా. ఎర్రమూట బయటికి కనబడకుండా చేతిసంచిలో పెట్టుకోండి. అయినా ఎవరిదని ఎవరైనా అడిగితే, బతికున్న మనిషిదని చెప్పండి.