‘న’ దగ్గర ఆగిపోయిన అంత్యాక్షరి

నిన్న పొద్దున్న శిరీష ఫోన్ చేసి, "బావా, నాన్న సచ్చిపోనాడు" అంది.

"ఎవరి నాన్న?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. అవతల ఏడుపు వినపడ్డాక గానీ నా బుర్రకెక్కలేదు.

సూరిబాబు మావయ్య. మా అమ్మ తమ్ముడు. శ్రీకాకుళంలో స్టీలు సామాన్ల కొట్టు. హార్ట్ అటాక్. మొన్న సాయంత్రం కూడా కొట్లోనే కూర్చున్నాడట.

నిన్నటి నుంచి మా వాళ్ళంతా స్టేటస్‌లు పెడుతున్నారు. మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు అని. అన్నీ నిజాలే. నేను రాయాల్సింది మాత్రం వేరే ఉంది.

ఏటా వేసవి సెలవుల్లో మావయ్య తన పాత తెల్ల వ్యాన్‌లో మమ్మల్ని రామతీర్థం తీసుకెళ్ళేవాడు. నేను, మా అక్క, మావయ్య కూతురు శిరీష. అత్త కొట్టు చూసుకోవడానికి ఉండిపోయేది.

వ్యాన్ ఎక్కితే ఫోన్లు బంద్. ఆటలు ఆడాల్సిందే.

ఎదురొచ్చే బండి నంబర్ కూడితే తొమ్మిది రావాలి, ఒక పాయింట్. ఒడిశా లారీ కనిపిస్తే రెండు. ఓడినవాళ్ళు పులిహోర క్యారేజీ కడగాలి. స్టీలు కొట్టాయన కదా, గీత పడకుండా కడగాలని అదొక ఎక్స్‌ట్రా రూల్.

మావయ్యకి నత్తి. మాట అడ్డం పడితే ఒక కన్ను మూసి, తొడ మీద వేళ్ళతో టపటపా కొట్టుకునేవాడు. అప్పుడు మాట బయటికొచ్చేది.

కానీ అంత్యాక్షరిలో నత్తి ఉండేది కాదు. పాట ఎత్తుకుంటే ఒక్క అక్షరం తడబడేది కాదు. ‘ణ’ వచ్చినా సొంతంగా ఏదో కట్టి పాడేసి, పాయింట్ కోసం మాతో దెబ్బలాడేవాడు. ఆ గంటసేపు ఆయనకి ఎంత హాయిగా ఉండేదో నాకు తట్టనే లేదు.

2013. నాకు పదిహేనేళ్ళు. మీసం మొలుస్తోందని మహా గీర.

రణస్థలం దాటాక నేనే కొత్త ఆట పెట్టాను. పేరు "నేనెవరు?" మన చుట్టాల్లో ఒకరిలా యాక్ట్ చేయాలి, మిగతావాళ్ళు కనిపెట్టాలి. అక్క మా నాన్నమ్మ ముక్కుపొడి పీల్చడం చేసి చూపించింది. మాకందరికీ కడుపు నొప్పొచ్చేలా నవ్వొచ్చింది. మావయ్యయితే బండి స్లో చేసి మరీ నవ్వాడు.

తర్వాత నా వంతు.

తొడ మీద వేళ్ళతో కొట్టుకుంటూ, ఒక కన్ను మూసి, "బ... బ... బ... బకెట్టు" అన్నాను.

అక్క ఫక్కున నవ్వి, వెంటనే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. శిరీష కిటికీ వైపు తిరిగిపోయింది. జవాబు అందరికీ తెలుసు.

ఎవరూ చెప్పలేదు.

చివరికి అద్దంలోంచి నన్ను చూస్తూ మావయ్యే చెప్పాడు. "నా... నానే కదేట్రా. బాగా సేసినావు. పా... పాయింటు నాకే."

నవ్వాడు కూడా. నేను చిన్నబుచ్చుకోకూడదని నవ్వాడు. అది అర్థం కావడానికి నాకు ఏళ్ళు పట్టింది.

తిరిగొచ్చేటప్పుడు అంత్యాక్షరి మొదలెట్టాం. అక్క తన పాట ‘న’ దగ్గర ఆపింది. మావయ్య వంతు. ‘న’తో ఆయనకి బోలెడు పాటలు వచ్చు.

తొడ మీద వేళ్ళు రెండుసార్లు ఆడాయి. ఆగిపోయాయి.

"పాస్" అన్నాడు.

ఆ రోజు క్యారేజీ తనే కడిగాడు.

తర్వాత ఇంకో రెండు వేసవులు వెళ్ళాం. మావయ్య పాయింట్లు లెక్కపెట్టేవాడు. పాడలేదు.

సారీ చెప్పాలని అనిపించలేదా అంటే, అనిపించింది. పోయినేడాది అందుకే కొట్టుకి వెళ్ళాను. "ఏ... ఏటి కావాల్రా?" అన్నాడు ఆప్యాయంగా. నాకు నత్తి లేదు. అయినా నోరు పెగల్లేదు. కంగారులో ఎదురుగా ఉన్నది చూపించి బకెట్టు కావాలన్నాను.

బకెట్టే దొరికింది నాకు! సారీ చెప్పడానికి వెళ్ళి బకెట్టు పట్టుకొచ్చిన వెధవని నేను.

నిన్న మావయ్య ఇంటి దగ్గర పక్కింటి పెద్దావిడ అంది, "అంత బాగా పాడీవోడు, ఎందుకు మానేసినాడో."

అత్త కళ్ళు తుడుచుకుంటూ, "కొట్లో దుమ్ముకి గొంతు పోనాదమ్మా" అంది.

నేను పక్కనే ఉన్నాను. అవునన్నట్టు తలూపాను. సిగ్గు లేకుండా తలూపాను.

శిరీష నన్ను చూసింది. ఇన్నేళ్ళుగా ఏమీ అనలేదు.

ఈ పోస్ట్ పెట్టే ముందు తనకి పంపించాను. రిప్లై వచ్చింది. "పెట్టు బావా. అమ్మకి నానే సదివి ఇనిపిస్తాను."

అత్తా, దుమ్ము కాదు. నేను.

చిన్నతనం, వదిలెయ్ అని ఎవరూ కామెంట్ పెట్టొద్దు, ప్లీజ్. ఆ మాట అనగలిగిన ఒక్క మనిషీ నిన్న వెళ్ళిపోయాడు. అడిగుంటే ఆ రోజే అనేవాడు. నేనే అడగలేదు.

మావయ్యా, సారీ.

ఇప్పుడు నువ్వున్న చోట ఏ మాటా అడ్డం పడకూడదు. ఎవరూ నవ్వకూడదు. నీ మనసు చల్లగా ఉండాలి.

‘న’ ఇంకా నీ దగ్గరే ఉంది. పాడు మావయ్యా.