ఆకుపచ్చ బట్టకు నాలుగడుగులు

మా బిడ్డ ఓణీల ఫంక్షన్ వీడియోలో వాళ్ల బాపును నేను కంప్యూటర్‌తో పుట్టించానని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనొప్పుకోను. నేను పుట్టించిందేమీ లేదు. ఆయన చుట్టూ ఉన్నదంతా తీసేశాను, అంతే. ఏం తీసేశావని ఒక్కరూ అడగలేదు.

అప్పుడు నేను కోరుట్లలో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేదాన్ని. మా ఆయన గల్ఫ్‌లో, కూలీల క్యాంపులో. ఫంక్షన్‌కు సెలవు దొరకలేదు. బాపు పక్కన లేకపోతే కుర్చీలో కూర్చోనని బిడ్డ మొండికేసింది. వీడియోలో నిలబెడతానని మాటిచ్చాను. ఫంక్షన్ రోజు ఆమె కుర్చీ పక్కన మనిషంత జాగా ఖాళీగా ఉంచి, అందులోకి వచ్చిన ప్రతి చుట్టాన్నీ తిట్టి పంపాను. ఆ కోపం వాళ్లకింకా ఉంది.

సిరిసిల్ల నుంచి మెరుపు లేని ఆకుపచ్చ నూలు బట్ట తెప్పించి, ఇబ్రహీంపట్నం నుంచి ఆ దేశమే పోతున్న ఒకాయన సంచిలో పెట్టి పంపాను. దాని ముందు నిలబడి అక్షింతలు వేస్తున్నట్టు ఫోన్లో తీసి పంపితే, కంప్యూటర్‌లో ఆ ఆకుపచ్చంతా తీసేసి ఆయన్ని బిడ్డ పక్కకు తెస్తానన్నాను.

మొదటిది వాట్సాప్‌లో వచ్చింది. సైజు తగ్గించడానికి ఫోన్ రంగుల దగ్గరే పిసినారితనం చేస్తుంది, మిగిలినదాన్ని వాట్సాప్ పిండేస్తుంది. ఆయన భుజాలు మెట్లుమెట్లుగా తెగాయి. చెయ్యి ఊపినప్పుడు వేళ్లు బట్ట రంగులో కలిసి, బట్టతో పాటే మాయమయ్యాయి. వేళ్లు లేని చేతిని బిడ్డ తల మీద ఎట్లా పెట్టను?

శుక్రవారం మళ్లీ మొదలుపెట్టాం. బూటులో నిలబెట్టిన ఫోన్ వీడియో తీస్తుంటే, ఇంకో ఫోన్లో నాతో మాట్లాడాడు. చెయ్యి మెల్లగా దించమన్నాను, బట్ట కదలొద్దన్నాను, దాని రంగు ముఖం మీద పడుతోంది, నాలుగడుగులు ముందుకు రమ్మన్నాను. తీసిన ప్రతిదాంట్లో అక్కడే నిలబడ్డాడు. తొమ్మిదోసారి నా నోరు ఆగలేదు.

"నాలుగడుగులు ముందుకచ్చుడు గూడ రాదా నీకు?"

"నాలుగడుగులుంటే గద వచ్చేది."

ఏళ్ల తరబడి వీడియో కాల్లో ముఖం తప్ప ఏమీ చూపించని మనిషి. ఆ గది ఎంతుంటుందో అప్పుడే తెలిసింది. అప్పుడు బట్ట వెనక నుంచి ఇంకో గొంతు, మన యాసే:

"వదినె, చేతులు గుంజుతున్నయ్ గని కదల. ఎట్ల పట్టుకోవాల్నో చెప్పు."

అప్పటిదాకా ఆ బట్ట గోడకు మేకులు కొట్టి ఉందనుకున్నాను.

ఈసారి పెద్ద ఫైల్‌నే, పిండకుండా పంపించాడు. వారం రోజులు ఒక్కో ఫ్రేమే పెట్టుకుని ఆయన వేళ్లు, చెవి అంచు, మెడ దగ్గర కొత్తగా నెరిసిన వెంట్రుకలు దిద్దాను. పెళ్లయ్యాక ఆయన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. పని అయిపోయాక కూడా, ఇంకా ఉందని మా ఓనర్‌కు రెండు రోజులు అబద్ధం చెప్పాను.

బట్ట పై అంచున, అటొకటి ఇటొకటి, రెండు చేతుల వేళ్లు పడ్డాయి. ఒక వేలికి ప్లాస్టర్. అవి అడ్డమని కోసేశాను.

ఇప్పుడు ఆయన ఇంటి దగ్గరే ఉంటున్నాడు. వీడియో పెడితే బిడ్డ తల మీది తన చెయ్యినే చూసుకుంటాడు. నేను కోసేసిన ఆ వేళ్లు ఎవరివని అడిగితే, "ఎల్లారెడ్డిపేటాయన. ఆయనకూ ఒక బిడ్డుండె," అని లేచి పోతాడు. ఆ పిల్ల ఫంక్షన్‌కు ఆయనకూ సెలవు దొరక్కపోయి ఉంటే, ఆయన వెనక బట్ట పట్టుకుని నిలబడింది ఎవరు?