బస్సు డ్రైవరు తెరిచిన కాలిబాట

మోరిహికో తండ్రి చేపలవాడు, అన్నలిద్దరూ చేపలవాళ్లే. ఇతనికి మాత్రం పడవ రేవు దాటకముందే కడుపులో తిప్పేసేది. "దీవిలో పుట్టి సముద్రం పడకపోవడమేంట్రా, నా ఖర్మ కాకపోతే" అని తండ్రి తల పట్టుకునేవాడు. అలా మోరిహికో నేల మీదే బతుకు వెతుక్కున్నాడు. ఊళ్లోకి బస్సు వచ్చిన మొదటి రోజు నుంచీ ఇరవై ఎనిమిదేళ్లు దాన్ని అతనే నడిపాడు. కింద ఇసోహామ రేవు, పైన కొండ మీద కమినారు పల్లె. మధ్యలో కమలా తోటల చుట్టూ మెలికలు తిరిగే ఆరు కిలోమీటర్ల రోడ్డు. ఏ మలుపులో ఏ ముసలమ్మ గొడుగు ఊపుతుందో అతనికి తెలుసు. స్టాపు కాకపోయినా ఆపేవాడు.

అతను రిటైరైన రెండేళ్లకు, ఒక జనవరిలో, బస్సు ఆగిపోయింది. ఎక్కేవాళ్లు లేరన్నారు. నిజమే, కమినారులో మిగిలినవి పదకొండు ఇళ్లు. వాటిలో కారు నడపగలిగినవాళ్లు నలుగురు.

మార్చిలో ఒకరోజు మోరిహికో తన బుల్లి ట్రక్కులో పైకెళ్లి, తోమియెకు ఆసుపత్రి మందులు ఇచ్చి వచ్చాడు. తోమియెకు ఎనభై నాలుగు. ఆమె చెల్లెలు కినుయొ కింద రేవులో ఉంటుంది. గురువారం గురువారం ఇద్దరూ కలిసి రేవులోని ఊరి స్నానశాలకు వెళ్లి, వేడి తొట్టిలో మెడ దాకా మునిగి కబుర్లు చెప్పుకుని, ఆ తర్వాత చెరొక గిన్నె నూడిల్స్ తినడం ముప్పయ్యేళ్ల అలవాటు. బస్సు ఆగాక ఆ అలవాటూ ఆగింది. కినుయొ తుంటి పాడైంది, ఆమె పైకి ఎక్కలేదు.

"నేను దింపుతాను కదా పెద్దమ్మా, ఫోన్ చేస్తే చాలు" అన్నాడు మోరిహికో.

"రెండుసార్లు దింపావుగా. రెండుసార్లూ నీళ్లలో కూర్చుని, పాపం బయట నువ్వు ఎదురుచూస్తున్నావేమోనని నా ప్రాణం కుదురుగా లేదు. ఒకళ్లని అడిగి ఎక్కడం వేరు నాయనా, మన కాళ్ల మీద మనం పోవడం వేరు." తోమియె మందుల సంచీ పక్కన పెట్టి నవ్వింది. "పూర్వం కాలిబాట ఉండేది. దిగడానికి అరగంట. నీ బస్సొచ్చింది, అందరం సుఖం మరిగాం, బాట చచ్చిపోయింది."

ఆమె దెప్పలేదు, ఊరికే అంది. కానీ ఆ మాట మోరిహికోతో పాటే ఇంటికొచ్చింది. అన్నం తింటుంటే కూడా పక్కనే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అతను స్నానశాల వెనక్కి వెళ్లి చూశాడు. బాట మొదలయ్యేది అక్కడే అంటారు. కనిపించింది గోడలాంటి వెదురు, దానికి చుట్టుకున్న తీగలు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ కొండ ఎక్కుతూ దిగుతూ ఉన్నా ఇక్కడ ఒక్కసారీ కాలు పెట్టలేదు. రంపం, కొడవలి తెచ్చుకుని మొదలుపెట్టాడు. సాయంత్రానికి తెరుచుకున్నది రెండు బస్సులంత పొడవు.

"మన వాకిట్లో మెట్టు విరిగి మూడేళ్లయింది, దాని జోలికి వెళ్లరు గానీ" అంది భార్య చిజురు, అతని చేతుల్లో ముళ్లు తీస్తూ. అయినా మర్నాడు నాలుగు అన్నం ముద్దలు కట్టి ఇచ్చింది. రెండు చాలు కదా అంటే, "ఎవరైనా వస్తే?" అంది.

వారం దాటాక ఒకాయన వచ్చాడు. గెంజిరో, డెబ్భై ఎనిమిదేళ్లవాడు. దీవిలో తోటల గట్లకు రాళ్లు పేర్చింది సగం ఆయన చేతులే. సిగరెట్టు కాలుస్తూ కాసేపు చూసి ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒరేయ్ మోరీ, వెదురు అలా ఏటవాలుగా కొయ్యకురా. రేపు ఎవడో జారిపడితే కడుపులో దిగుతుంది. నేలకి సమంగా కొయ్యి."

"నాకు స్టీరింగు తిప్పడమే వచ్చు అన్నా."

"కనపడుతూనే ఉంది. ఇటివ్వు."

ఆ తర్వాత ఆదివారాల్లో మనుషులు ఒక్కొక్కరే చేరారు. ఒసాకా నుంచి వచ్చి కమలా తోట కౌలుకు తీసుకున్న మినోరి, స్నానశాల యజమానురాలు, రిటైరైన బడి పంతులు. మే నెలకు తొమ్మిదిమంది అయ్యారు. మట్టి కింద పాత మెట్ల రాళ్లు బయటపడుతుంటే గెంజిరో గునపంతో ఒక్కొక్కదాన్నీ లేపి, కింద చిన్నరాళ్లు కొట్టి, మళ్లీ కూర్చోబెట్టేవాడు. కూర్చోబెట్టిన ప్రతి రాయి మీదా మోరిహికోను నిలబెట్టి గెంతమనేవాడు. "నువ్వు కదిలినా ఫరవాలేదు, రాయి కదలకూడదు."

బాట పక్కన చెర్రీ మొక్కలు నాటాలన్నది మోరిహికో కోరిక. వసంతంలో కింద రేవు నుంచి చూస్తే కొండ మీద గులాబీ గీతలా పూలు కనపడాలి. ఇరవై మొక్కలు నాటారు.

జూన్ వానలు పడ్డాయి. నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిసి వెలిశాక వెళ్లి చూస్తే బాటలో మూడో మలుపే లేదు. నెల రోజులు పేర్చిన మెట్లూ, మట్టీ, పద్నాలుగు చెర్రీ మొక్కలూ కలిసి కింద తోటలోకి జారిపోయాయి. మోరిహికో ఆ బురదలోనే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. తర్వాతి ఆదివారం ముగ్గురే వచ్చారు. ఆ పై ఆదివారం అతనే వెళ్లలేదు.

"మానేస్తాను" అన్నాడు చిజురుతో.

"మానేయండి. మీ నడుముకీ మంచిదే. కాకపోతే తోమియె పెద్దమ్మకి ఆ మాట మీరే చెప్పాలి. నన్ను పంపకండి."

చెప్పడానికే వెళ్లాడు. తోమియె అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విన్నది. విని, చివరికి ఒకటే అడిగింది.

"మూడో మలుపంటే, పెద్ద బండ పక్కనేనా? అక్కడ రాతికాలవ ఉండాలే. అది తవ్వారా?"

"ఏ కాలవ?"

"అయ్యయ్యో, కాలవ తియ్యకుండా మెట్లు పేర్చారా!" వలిచిన చిక్కుళ్లు పక్కకు నెట్టి లేచింది. "నా కర్ర ఎక్కడ పెట్టానో చూడు."

పై సగం బాట కూడా అప్పటికే నడిచేంతగా తెరుచుకుంది. గెంజిరోకి కబురంపి, ముగ్గురూ పైనుంచి దిగారు. మోరిహికో చెయ్యి పట్టుకోబోతే ఆమె కర్రతో అతని మోకాలి మీద ఒక్కటేసింది. జారిన చోటికి చేరాక కాసేపు కొండనూ సముద్రాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నాలుగడుగులు పక్కకు వేసి కర్రతో నేల మీద పొడిచింది. "ఇక్కడ."

గెంజిరో తవ్వాడు. మోకాలి లోతున గునపం ఖంగుమంది. మట్టి తీసేకొద్దీ బాటకు అడ్డంగా పరిచిన రాళ్లు, మధ్యలో మూరెడు వెడల్పు కాలవ బయటపడ్డాయి. అడ్డుపడ్డ మన్ను తొలగించగానే పైనుంచి నీళ్లు సన్నగా దారి వెతుక్కుంటూ వచ్చి, అందులోంచి అవతలి లోయలోకి జారాయి. అంతటి గెంజిరో కూడా నోరు తెరుచుకుని చూశాడు.

"పెళ్లయిన కొత్తలో ఇక్కడే కాళ్లు కడుక్కునేదాన్ని" అంది తోమియె. "పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు ఒక్కో రోజు మొహం కూడా. ఏడ్చినట్టు అత్తగారికి తెలియకూడదుగా."

ఆమె మెల్లిగా వంగి నీళ్లలో వేళ్లు పెట్టింది. ఆ ఇద్దరు మగాళ్లూ అప్పుడే ఆకాశంలో ఏదో కనపడినట్టు అటు తిరిగారు.

తిరిగి వస్తూ చెర్రీ సంగతి కూడా ఆమే తేల్చింది. "పూలు బాగానే ఉంటాయి, వేళ్లు పెరిగి రాళ్లను లేపేస్తాయి. మా కాలంలో అంచున తేయాకు పొదలుండేవి. వేరు నిట్టనిలువునా దిగి మట్టిని పట్టుకుంటుంది. కాలు జారితే మనకూ పట్టుకోడానికి ఒక కొమ్మ. మా పెరట్లో గింజలు రాలి ఎన్ని మొలిచాయో, తీసుకుపోండి."

కాలవ సంగతి ఊరంతా పాకింది. తొమ్మిదిమంది కాస్తా పద్నాలుగుమంది అయ్యారు. ఎండలు తగ్గాక తోమియె పెరటి మొలకల్ని మట్టిగడ్డతో సహా లేపి బాట అంచున నాటారు. మట్టి జారకుండా మెట్ల సందుల్లో పొట్టిగా, ముదురాకుపచ్చగా పెరిగే గడ్డి కుదుళ్లు దూర్చారు. మిగిలిన ఆరు చెర్రీ మొక్కల్ని స్నానశాల పెరట్లోకి మార్చారు. మోరిహికో మొహం చిన్నబోయింది గానీ వాటికి గుంతలు తవ్వింది అతనే.

నవంబరులో ఒక గురువారం తోమియె దిగింది. అరగంట దారికి గంటా నలభై నిమిషాలు పట్టింది. కింద కినుయొ రెండు తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"ఇంతసేపా? నీళ్లు చల్లారిపోయుంటాయి."

"నీకంత తొందరైతే ఎదురు రావలసింది."

"వచ్చేదాన్నే, ఈ తుంటి..." అంటూ కినుయొ కుర్చీ పట్టుకుని లేవబోయింది. తోమియె చెల్లెలి ఒళ్లోంచి ఒక తువ్వాలు తీసుకుని భుజాన వేసుకుని, రెండో చేత్తో ఆమెను లేవదీసింది. ఇద్దరూ తలుపు తెర తొలగించుకుని లోపలికి వెళ్లారు. కాసేపటికి లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. మోరిహికో ఆ రోజు బయట ఎదురుచూడలేదు, చూడాల్సిన పని లేదు. ఇంటికెళ్లి వాకిట్లో విరిగిన మెట్టు తీసి కొత్త రాయి వేశాడు.

చలికాలంలో అడవిపందులు వచ్చి తేయాకు మొక్కల్లో మూడోవంతు పెకిలించేశాయి. మళ్లీ నాటారు. బతికినవి ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి. తోమియె గురువారాల్లో నడిచే దిగుతుంది, పైకి మాత్రం ఎలాగూ తోటకెళ్లే మినోరి వ్యానులో కమలాల పెట్టెల పక్కన కూర్చుని వెళుతుంది. అదేం తప్పు కాదట, దిగేదారే తనదట.

ఆమె దిగేటప్పుడు పది మెట్లు వెనకగా మోరిహికో కొడవలి పట్టుకుని గడ్డి కోస్తూ వస్తుంటాడు. సాయం పడతానంటే ఒప్పుకోదు మరి. మొన్న ఆమె వెనక్కి తిరగకుండానే కేకేసింది.

"ఏమయ్యా డ్రైవరూ, నేను నడిచిన చోటే గడ్డి మొలుస్తోందా ఏంటి?"

"అంచున కాస్త ఉందిలే పెద్దమ్మా" అని, అతను వంగి ఒక పరక కోశాడు.