పెరటి కుళాయి దగ్గర నాన్న

దెయ్యాలను నేను నమ్మను. పోయినవాళ్ళు తిరిగి రారని నాకు నేర్పింది మా నాన్నే. సైన్యంలో తోటివాళ్ళను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ సంగతులు ఎప్పుడూ ఎక్కువగా చెప్పలేదు.

సైన్యం నుంచి వచ్చాక గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు అకౌంటెంటుగా కుదిరారు. అక్కడ కూర్చుని లెక్కలు రాసేవాళ్ళకు కూడా ఒంటినిండా మిరప దుమ్మే. అందుకని సాయంత్రం ఆయన వీధి గుమ్మంలోంచి వచ్చేవారు కాదు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి దగ్గర స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే లోపల అడుగుపెట్టేవారు. చిన్నప్పుడు నేను ఎదురు పరుగెత్తితే చేతులు వెనక్కి పెట్టుకుని, "ఆగమ్మా, ముట్టుకోకు. కళ్ళు మండుతాయి" అనేవారు.

"యుద్ధం చూసొచ్చిన మనిషి, పిల్లని చూసి వెనక్కి నడుస్తాడేంటి!" అని అమ్మ ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవారు. జ్వరంతో వణుకుతున్న రోజు కూడా ఆ పద్ధతి తప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక చలికాలంలో గుండెపోటుతో పోయారు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. మనవరాలిని ఆయన చూడలేదు.

పురిటికి పుట్టింట్లోనే ఉన్నాను. మాది పాత మిద్దె. ఆ వేసవిలో ఒక రాత్రి గాలివాన కొట్టింది. మర్నాడు మధ్యాహ్నం, దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. కింద నేనూ అమ్మా నడుం వాల్చాం.

ముందు పాప తుమ్మింది. తర్వాత నాకు గొంతు పట్టేసింది. మిరప ఘాటు. పోపు మాడిన ఘాటు కాదు, యార్డు ఘాటు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఒసేయ్, పిల్లని తీసుకుని బయటికి నడవ్వే!" అమ్మ దగ్గుతూ అరిచింది.

ఇద్దరం పెరట్లోకి పరుగెత్తాం. కుళాయి దగ్గర పాప మొహం తుడుస్తుంటే లోపల పెద్ద చప్పుడైంది. దూలం విరిగింది. ఉయ్యాల ఉన్నచోట కప్పు మట్టి గుట్టగా పడి ఉంది.

మా పొయ్యి వెలిగించలేదు. కారం జాడీ మూత బిగించే ఉంది. వేసవి సెలవులకు యార్డు మూసేశారు. చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన పక్కింటావిడను, "మిరపకాయలేమైనా కాల్చారా పిన్నిగారూ?" అని అడిగాను.

"దిష్టి తియ్యడానికా? మా మొహాలకి దిష్టి కూడానా తల్లీ!" అంది. ఆవిడకు ఏ ఘాటూ తగల్లేదట.

అమ్మ కుళాయి వైపు చూసింది. "ఎంత జ్వరమొచ్చినా స్నానం చెయ్యకుండా ఇంట్లోకి రాలేదు మీ నాన్న," అంది. "ఇవాళ తిన్నగా వచ్చేశాడు."

ఆయన పోయాక అమ్మ కడుపునిండా అన్నం తిన్నది ఆ రోజే.

ఆ ఘాటు ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను. పాప బడికి వెళ్తోంది. నాకు ఖాయంగా తెలిసింది అదొక్కటే.