డేటాబేస్ ఏ తలుపు దగ్గరుంది

డేటాబేస్ నడుస్తోంది. వెబ్‌సైటూ నడుస్తోంది. రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నాయి. అయినా ఒకటి పిలిస్తే రెండోది పలకడం లేదు. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంటి డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని ఆ శనివారం పొద్దుటినుంచీ ఇదే చూస్తున్నాను. నాకు మతి పోయింది.

అది పిల్లల తెలుగు బడి వెబ్‌సైటు. నాలా హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్యలకి ఇక్కడ పని చేసే హక్కు లేని రోజులవి. జీతం తీసుకోకుండా చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి ఆ సైటు నేను పట్టుకున్నాను. ఆ వారమే దాన్ని కొత్త సర్వర్‌కి మార్చాను. సాయంత్రం మా ఇంట్లోనే పాట్‌లక్, తలా ఓ వంటకం తెస్తారు. భోజనాలు అయ్యేలోపు రిజిస్ట్రేషన్లు తెరవాలి, లేకపోతే బడి కమిటీలో ఒకాయన బావమరిది కంపెనీకి సైటు అప్పగించేస్తారు. ఈ మాట బడి నడిపే ఆంటీ ఫోన్‌లో ఎంతో మెత్తగా చెప్పారు. "ఏం అనుకోకమ్మా, పేరెంట్స్ అందరూ అడుగుతున్నారు" అన్నారు. నేను అనుకున్నాను, చాలానే అనుకున్నాను. అది కూడా పోతే నేను ఇంజినీర్‌నని నాకు గుర్తుచేసేది ఆ ఇంట్లో ఇంకేమీ ఉండదు.

వస్తున్న ఎర్రర్ ఇదీ: లోకల్ సాకెట్ ద్వారా డేటాబేస్‌ని కలవలేకపోయాను, అలాంటి ఫైల్ లేదు. ఒకే మెషీన్‌లో ఉన్న రెండు ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. సాకెట్ అని ఒక ఫైల్ ఉంటుంది, డేటాబేస్ దాని దగ్గర కూర్చుని వింటుంది. అంతవరకు నాకు తెలుసు. కానీ నేను నేరుగా టెర్మినల్‌లో కమాండ్ టైప్ చేస్తే డేటాబేస్ బుద్ధిగా తలుపు తీసి తన పట్టికలన్నీ చూపిస్తోంది. వెబ్‌సైటు అడిగితే మాత్రం ఎవరూ లేరంటోంది. నేనడిగితే ఉండి, అది అడిగితే లేకపోవడం ఏమిటో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అర్థం కాలేదు.

ఇంతలో జనం రావడం మొదలైంది. వచ్చిన మగవాళ్ళంతా సాఫ్ట్‌వేరే, ఇక చెప్పేదేముంది. ట్రేలు కౌంటర్ మీద పెట్టి నేరుగా నా లాప్‌టాప్ దగ్గరికే వచ్చారు.

"మీరు లేవండమ్మా, నేను చూస్తా" అని మొదటాయన కూర్చుని డేటాబేస్‌ని రీస్టార్ట్ చేశారు. ఏమీ మారలేదు.

"ఫైర్‌వాల్ బ్లాక్ చేస్తున్నట్టుంది, జర జరగుండ్రి" అని రెండో ఆయన నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఆ ఫైర్‌వాల్‌ని ఆపేశారు. ఇందులో నెట్‌వర్కే లేదు కదండీ అన్నాను. వినిపించుకోలేదు. మూడో ఆయన ఫైళ్ళ పర్మిషన్లన్నీ బార్లా తెరిచారు. నాలుగో ఆయన ఏదో టకటకా కొట్టి, ఏం కొట్టారో చెప్పకుండా బిర్యానీ దగ్గరికి వెళ్ళిపోయారు. నా పొయ్యి మీద పులుసులో ఇలా వచ్చినవాళ్ళందరూ తలా ఓ చిటికెడు ఉప్పేసి పోతే ఊరుకుంటానా? మావారిని పక్కకి పిలిచి అదే అడిగాను.

"హెల్ప్ చేస్తున్నారు కదే, తప్పేముంది?" అన్నారాయన. ఒళ్ళు మండిపోయింది.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఊరికి కొత్తగా వచ్చిన జంట. "మేం మీ ఇంటి ముందే ఉన్నామండీ" అంటున్నారు. ఇంటి ముందు ఎవరుంటారు? మా వైపు గరాజులు ఇంటి వెనక సందులో ఉంటాయి. మనవాళ్ళందరూ అటే కారు ఆపి, గరాజ్‌లోనే చెప్పులు విడిచి, తలుపు తోసుకుని వంటగదిలోకి వచ్చేస్తారు. ముందు తలుపు తీసి ఎన్నాళ్ళయిందో. బెల్ పనిచేస్తుందో లేదో కూడా మాకు తెలియదు. గట్టిగా లాగి తీసేసరికి పులిహోర ట్రే పట్టుకుని ఆ అమ్మాయి, వెనకే భర్త, పాప.

"ఎంతసేపట్నుంచో బెల్ కొడుతున్నాం అక్కా. ఇంట్లో ఎవరూ లేరేమో అనుకున్నాం" అంది.

ఇల్లంతా కిటకిటలాడుతోంది. ఎవరూ లేరనుకున్నారట. నేను ఆ గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయాను, పాపం.

వచ్చి ఎర్రర్ మళ్ళీ చదివాను, ఈసారి చివరిదాకా. వెబ్‌సైటు సాకెట్ కోసం ఒక ఫోల్డర్‌లో వెతుకుతోంది. డేటాబేస్‌ని నీ సాకెట్ ఎక్కడని అడిగాను. వేరే ఫోల్డర్ చెప్పింది. నా కమాండ్ డేటాబేస్ సెట్టింగులు చదువుకుని వెళ్తుంది, అందుకే దానికి దారి తెలుసు. వెబ్‌సైటుకి ఎవరూ చెప్పలేదు, అది ముందు తలుపే కొడుతోంది. వెబ్‌సైటు సెట్టింగ్స్‌లో ఒక్క లైను మార్చి రీలోడ్ చేశాను.

ఎర్రర్ మారింది. పాస్‌వర్డ్ తప్పట. తలుపు తెరిచాక కూడా గెంటేస్తోందేమిటని ఓ క్షణం ఏడుపొచ్చింది. తర్వాత వెళ్ళి ఆ నాలుగో ఆయన ప్లేటు ముందు నిలబడ్డాను. "ఆ, పాస్‌వర్డ్ రీసెట్ చేశానండీ, చెప్పలేదా?" అన్నారు. చెప్పలేదన్నాను. తెరిచిన పర్మిషన్లు మూశాను, ఫైర్‌వాల్ మళ్ళీ పెట్టాను, పాస్‌వర్డ్ సరిచేశాను. పేజీ తెరుచుకుంది. ఆంటీ అప్పుడే భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నారు.

"ఓ, సాకెట్ ఫోల్డర్ తేడానా? సింపులే అయితే" అన్నారు ఫైర్‌వాల్ ఆయన. అందరూ క్రికెట్ మాటల్లో పడ్డారు.

కొత్తమ్మాయి నా వెనకే నిలబడి చూస్తోంది. మొదటి రిజిస్ట్రేషన్ వాళ్ళ పాపదే.

"మీరు జాబ్ చేస్తారా అక్కా?"

"లేదమ్మా. డిపెండెంట్ వీసా."

"నాదీ అదే. మరి ఇందాకట్నుంచి చేసిందేంటి?"

"ఏమో" అన్నాను. నిజంగానే ఏమో.

ఆమె గొంతు తగ్గించి, "నేను కూడా ఇండియాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. దీంట్లో నాకేమైనా పని ఇస్తారా?" అని అడిగింది.

నేను లేవలేదు. పక్కన ఇంకో కుర్చీ లాగాను.